ఆరుద్ర ఎలా ఉంది?

చుక్కలు చూడాలంటే టెలిస్కోపు ఉండాలని చాలామంది అనుకుంటారు. నాకు లేదు. మా అబ్బాయి మొదటి జీతంతో కొనిచ్చిన బైనాక్యులర్ ఒకటుంది కానీ, నేను చేసే పనికి అదీ అక్కర్లేదు. రెండు కళ్ళు, ఒక డాబా, ఒక పెన్ను, పాల లెక్కల పుస్తకంలో చివర మిగిలిపోయే కాగితాలు చాలు. ముందు నుంచి పాలు రాస్తాను, వెనక నుంచి చుక్కలు రాస్తాను. డిసెంబరు వచ్చేసరికి రెండూ ఎక్కడో ఒకచోట ఎదురుపడతాయి. అప్పుడు కొత్త పుస్తకం.

మాది గుంటూరులో ఓ పాత వీధి. కింద ఇల్లు, పైన ఖాళీ డాబా, నీళ్ళ ట్యాంకు, బట్టల తీగలు. వీధి దీపాలు ఎల్‌ఈడీలు అయ్యాక ఒక దీపం సరిగ్గా నా కళ్ళలోకే కొడుతుంది. దానికి నేను కనిపెట్టిన మందు ఏమిటంటే, తీగ మీద పాత దుప్పటి ఆరేసి, దాని నీడలో కుర్చీ వేసుకోవడం. ఎదురింటావిడ కొన్నాళ్ళు "రాత్రిపూట దుప్పట్లు ఆరేస్తావేంటమ్మా, మంచుకి తడవవూ" అని అడిగేది. ఇప్పుడు అడగదు. దుప్పటి కనబడితే నేను పైన ఉన్నానని ఆవిడకి తెలుసు.

డిగ్రీలో నాది ఎంపీసీ. ఫిజిక్స్ బాగా వచ్చేది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, మీకు తెలిసిన కథే. కరెంటు కోతల వేసవుల్లో పిల్లల్ని తీసుకుని డాబా మీద పడుకునేవాళ్ళం. అది ఏం చుక్క, ఇది ఏం చుక్క అని వాళ్ళు అడిగితే, మా అమ్మమ్మ చెప్పినవి చెప్పేదాన్ని: ముసలమ్మ మంచం, ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు, పిల్లలకోడి, గొల్లకావడి. అవి అయిపోయాక ఒక నక్షత్ర పటం కొనుక్కున్నాను. పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. పటం నా దగ్గరే ఉండిపోయింది.

ఆకాశం చూసేవాళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళుంటారు, తోకచుక్కల వెంట పడేవాళ్ళుంటారు. నాది అంతకంటే చిన్న పని. కొన్ని చుక్కల వెలుగు ఒక్కలా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది. ఇవాళ ఎంత ఉందో చూసి రాసుకోవడమే నా పని. అమెరికాలో 1911 నుంచి ఇలాంటి చుక్కలు చూసేవాళ్ళ సంఘం ఒకటుంది. ప్రపంచంలో ఎవరైనా తమ లెక్క పంపవచ్చు. మా అబ్బాయి నా పేరు నమోదు చేసిపెట్టాడు.

ఎంత ఉందో ఎలా తెలుస్తుందని అడుగుతారేమో. తరాజు ఉంది కదా, ఒక పళ్ళెంలో వంకాయలు, ఒక పళ్ళెంలో అరకిలో రాయి. అంతే పద్ధతి. వెలుగు మారని చుక్కలు మన తూకపు రాళ్ళు. వాటి వెలుగు శాస్త్రవేత్తలు ముందే కొలిచి పెట్టారు. దాన్ని మాగ్నిట్యూడ్ అంటారు. ఇది ఎంసెట్ ర్యాంకులాంటిది, అంకె ఎంత చిన్నదైతే చుక్క అంత గొప్పది. రోహిణి సుమారు 0.9. పునర్వసు జంటలో ఎక్కువ మెరిసేది 1.1. మన చుక్క రోహిణి కంటే కాస్త తక్కువ, పునర్వసు కంటే కాస్త ఎక్కువ అనిపిస్తే 1.0 అని రాస్తాను. ఎర్ర చుక్క విషయంలో ఒక జాగ్రత్త ఉంది. దాన్ని గుచ్చి గుచ్చి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. పొయ్యి మీద పాలు చూసినట్టు చూడాలి, ఒక చూపు వేసి తిప్పుకోవడం, మళ్ళీ ఒక చూపు. ఆ విద్య మనకెవరూ నేర్పక్కర్లేదు.

నేను ఎక్కువగా చూసేది ఆరుద్ర. ఇంగ్లీషులో బెటెల్‌గ్యూస్ అంటారు. శీతాకాలం రాత్రి భోజనాల వేళకి తూర్పున పైకి వచ్చేస్తుంది. వరసగా మూడు చుక్కలు, ఆ గొల్లకావడి, దానికి ఎడం పక్కన పైగా ఎర్రగా ఉండేదే ఆరుద్ర. వేటగాడి బొమ్మలో ఒక భుజం. రెండో భుజం పేరు బెలాట్రిక్స్, తెల్లగా, కొంచెం తక్కువ వెలుగుతో ఉంటుంది. ఆరుద్ర ఎంత పెద్దదంటే, తీసుకొచ్చి సూర్యుడి స్థానంలో పెడితే మన భూమి, అవతల కుజుడు కూడా దాని కడుపులోనే ఉంటాయి. దాని వెలుగు మారుతుందని 1836లో జాన్ హెర్షెల్ గమనించాడు. మామూలుగా ఆ మార్పు సుమారు 400 రోజులకోసారి, మరీ కొట్టొచ్చినట్టు కాదు, నాలాంటి ఓపికస్తులకే తెలిసేంత.

ఆరుద్ర కార్తె మీ అందరికీ తెలుసు. జూన్ 22 ప్రాంతాల మొదలవుతుంది, తొలకరి తడికి ఎర్రటి మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీద కనబడతాయి. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండడం. అందుకని ఆరుద్ర కార్తెలో ఆరుద్ర చుక్క కనబడదు, సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితో పాటే పోతుంది. ఇది మొదటిసారి చెప్పినప్పుడు మా అత్తయ్య నమ్మలేదు. తెనాలి పక్క పల్లెటూళ్ళో పుట్టి, కార్తెలు చూసుకుని నారు పోసే ఇంట్లో పెరిగిన మనిషి. "కార్తె పేరు పెట్టుకుని చుక్కే లేకపోతే ఎలాగే" అంది. కానీ మామయ్య జన్మనక్షత్రం ఆరుద్ర. ఆయన పేరు 'కు'తో మొదలవడం కూడా అందుకే. అందువల్ల నేను రాసేవాటిల్లో ఆ ఒక్క చుక్క మీద మాత్రం ఆవిడకి గౌరవం ఉండేది.

2019 శీతాకాలంలో ఆ చుక్కకి ఏదో అయింది.

నవంబరులో నా పుస్తకంలో రోహిణితో సమానం అని రాసి ఉంది. అది మరీ వింత కాదు. డిసెంబరు మధ్యకి పునర్వసుతో సమానం అయింది. నెలాఖరుకి అంతకంటే తగ్గింది. అదే నెలలో అమెరికాలో ఎడ్వర్డ్ గినాన్ అనే ప్రొఫెసరు, ఆయనతో పనిచేసేవాళ్ళు, ఈ చుక్క ఇంతగా మసకబారడం తాము ఎప్పుడూ చూడలేదని తెలియజేశారు. నేను మా డాబా మీద చూసింది వాళ్ళు పరికరాలతో కొలిచిన దానితో కలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామయ్యకి ఆయాసం మొదలైంది. మెట్టు ఎక్కితే ఆగిపోయేవారు. కాళ్ళకి వాపులు. రాత్రి వెల్లకిలా పడుకోలేక దిళ్ళు వేసుకుని కూర్చునేవారు. సంక్రాంతికి ముందు హాస్పిటల్లో చేర్చాం. గుండె పంపింగ్ 30 శాతమే ఉందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు మా వారితోను, మా మరిదితోను చెప్పారు. అన్నదమ్ములిద్దరూ హాస్పిటల్ వరండాలో ఒక నిర్ణయానికి వచ్చారు: అమ్మకి చెప్పొద్దు. తట్టుకోలేదు. గ్యాస్ అని చెబుదాం. ఆడపడుచు ఫోన్లో అదే మాట. నాకూ అదే చెప్పమని చెప్పారు.

మన ఇళ్ళల్లో ఇది మామూలే. జబ్బు మొగుడిది, బెంగ పెళ్ళానిది, సంగతి మాత్రం అందరికీ తెలిసి ఆవిడకి తెలియకూడదు. డెబ్భై అయిదేళ్ళు దాటిన మనిషిని, ఆ మనిషితో యాభై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషిని, గ్యాస్ అని కూర్చోబెట్టాం.

అప్పటికే టీవీల్లో గోల మొదలైంది. డిసెంబరు 26న సూర్యగ్రహణం, ఆరు గ్రహాలు ఒకచోట చేరడం అయ్యాయి. ఆ వేడి చల్లారకముందే ఆరుద్ర చుక్క ఆరిపోతోంది, పేలిపోతోంది అని మొదలెట్టారు. ఒకాయన ఆరుద్ర నక్షత్రం వాళ్ళు ఏం చెయ్యాలో కూడా చెప్పాడు. అత్తయ్య అదంతా ఒంటరిగా కూర్చుని చూసింది, మేమంతా హాస్పిటల్ చుట్టూ తిరుగుతున్నాం కదా.

ఆ రాత్రి నేను డాబా దిగి వస్తుంటే మెట్ల దగ్గర నిలబడి ఉంది. "అమ్మాయ్, ఆరుద్ర ఎలా ఉంది?" అంది.

మొదటిరోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను, మబ్బు పట్టిందని. నిజంగానే పట్టింది. రెండోరోజు మళ్ళీ అడిగింది. మూడోరోజూ అడిగింది. మా వారితో అన్నాను. "బాగుందని చెప్పెయ్, నీ సొమ్మేం పోయింది?" అన్నారు. ఆయన తప్పేం లేదు, పొద్దున్నుంచి హాస్పిటల్లో నిలబడి వచ్చిన మనిషి.

కానీ నా పుస్తకంలో 1.5 అని ఉంది. దాన్ని బాగుందని ఎలా చెప్పను? పోనీ అలా అనుకున్నా, నెల రోజులుగా ఆవిడతో ఆ ఇంట్లో ఎవరూ ఒక్క నిజం మాట్లాడలేదు. ఇడ్లీ తిన్నారా అంటే తిన్నారు, నవ్వారా అంటే నవ్వారు, రేపు పంపిస్తారా అంటే పంపిస్తారు. ఇప్పుడు చుక్క గురించి కూడా అబద్ధమా అనిపించింది.

"తగ్గింది అత్తయ్యా," అన్నాను. "నవంబరు నుంచి తగ్గుతూనే ఉంది. ఇంకా ఆగలేదు."

ఏడుస్తుందనుకున్నాను. మెట్టు మీద కూర్చుంది. "పోన్లే, నువ్వైనా ఉన్నదున్నట్టు చెప్పావు," అంది. ఆ తర్వాత అంది, "ఆయనకి గ్యాస్ కాదు కదూ?"

నేను పక్కన కూర్చుని చెప్పాను. పంపింగ్ అంటే ఏమిటో, 30 అంటే ఎంత తక్కువో, నీరు ఎందుకు చేరిందో, డాక్టరు ఏ మందు ఇస్తున్నాడో. డిగ్రీలో చదివిన ఫిజిక్స్ అక్కడ పనికొచ్చింది, పొలంలో మోటారు కొట్టుకు ఉదాహరణ తీసుకుంటే ఆవిడకి వెంటనే అర్థమైంది. మోటారు సరిగా తోడకపోతే కాలవ వెనక్కి తన్నుతుందని ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అన్నీ విని, "రేపు నన్ను తీసుకెళ్ళు, నేను మాట్లాడతాను డాక్టరుతో" అంది. మర్నాడు వెళ్ళింది, మాట్లాడింది. ఉప్పు ఎంత, నీళ్ళు రోజుకి ఎన్ని గ్లాసులు, ఏ మాత్ర ముందు, ఏది తర్వాత, అన్నీ అడిగింది. కొడుకులిద్దరూ నా మీద వారం రోజులు కోపంగా ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

చుక్కకీ ఆయనకీ సంబంధం లేదని కూడా చెప్పాను, ఎందుకు చెప్పను? జన్మనక్షత్రం అంటే పుట్టినరోజున చంద్రుడు ఆ చుక్క దాపున ఉన్నాడని మాత్రమే అని చెప్పాను. ఆ చుక్క నుంచి వెలుగు మనదాకా రావడానికి 500 నుంచి 700 ఏళ్ళు పడుతుంది. అంటే ఇప్పుడు మనం చూస్తున్న మసక ఈనాటిది కాదు. కొండవీట్లో రెడ్డిరాజులు ఏలుతున్న రోజుల్లోనో, కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్న రోజుల్లోనో జరిగిందది. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే అప్పుడే రాసిపెట్టేశారన్నమాట" అంది. ఇంకేం మాట్లాడతాను?

ఆ మర్నాటి నుంచి తనే పైకి రావడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులు, ఇరవై రెండు మెట్లు. మధ్యలో ఒకసారి ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఎక్కేది. అంతకు రెండేళ్ళ ముందే కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. నేను పద్ధతి చెప్పాను: ఒక చూపు ఆరుద్ర మీద, ఒక చూపు ఇటు పునర్వసు మీద, ఒక చూపు అటు రెండో భుజం మీద. ఆవిడ రెండు రోజుల్లో పట్టేసింది. జీవితమంతా బియ్యంలో రాయి, పప్పులో పుచ్చు, పట్టుచీర అంచులో రంగు తేడా చూసిన కళ్ళు. నేను 1.4 అంటే ఆవిడ "అంత లేదమ్మాయ్" అనేది. తర్వాత ఇంటర్నెట్లో పరికరాలతో కొలిచినవాళ్ళ లెక్క చూస్తే ఎక్కువసార్లు ఆవిడ మాటే దగ్గరగా ఉండేది. హార్వర్డ్ అబ్జర్వేటరీలో నూరేళ్ళ కిందట గాజు పలకల మీద చుక్కలు పోల్చిచూసే పని ఆడవాళ్ళకిచ్చారట, తక్కువ జీతానికి ఓపికగా చేస్తారని. వాళ్ళలో హెన్రియెటా లీవిట్ కనిపెట్టిన సూత్రంతోనే తర్వాత గెలాక్సీల దూరాలు కొలిచారు. ఆ కథ అత్తయ్యకి చెబితే, "జీతం తక్కువేం, అసలు ఇచ్చారు కదా" అంది.

మామయ్య హాస్పిటల్ మంచం మీద నుంచి ఫోన్ చేసి "ఏమోయ్, నా చుక్కకి బీపీ ఎంతుంది?" అని అడిగేవారు. ఆయన ఎలిమెంటరీ స్కూలు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. జాతకాలంటే నవ్వుకునే మనిషి. అత్తయ్య ఫోన్ లాక్కుని అంకె చెప్పేది. ఆవిడ నోట "వన్ పాయింట్ సిక్స్" అని వినడం నాకు ఇప్పటికీ నవ్వొచ్చే జ్ఞాపకం.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక రాత్రి రెండు భుజాలనీ మార్చి మార్చి చూసి, "ఇదీ అదీ ఒకటే" అంది. నేనూ అదే అనుకున్నాను. బెలాట్రిక్స్‌తో సమానం, 1.6. మా పుస్తకంలో అన్నిటికన్నా తక్కువ అంకె... తక్కువ అంటే పెద్ద అంకె, ఈ ర్యాంకుల తలనొప్పి ఎప్పటికీ పోదు. లోకమంతా కొలిచినవాళ్ళకి కూడా ఆ రోజుల్లోనే అన్నిటికన్నా మసకగా కనబడింది.

మామయ్య ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ వారమే.

నీరు తీసేశారు, మందులు కుదిరాయి, పంపింగ్ కొద్దిగా పెరిగింది. చుక్క అడుక్కి దిగిపోయిన వారం మనిషి లేచి ఇంటికొచ్చాడు. చూశారా అత్తయ్యా, సంబంధం లేదని చెప్పానా అన్నాను. ఆవిడ ఆయన మంచం పక్కన నీళ్ళ గ్లాసుకి గీత గీసుకుంటోంది, రోజుకి ఇంతే అని. తలెత్తకుండానే "ఆయన బాధ అది పడింది" అంది.

ఫిబ్రవరి చివర్లో చుక్క కోలుకోవడం మొదలుపెట్టింది. ఆ వెంటనే లాక్‌డౌన్. రోడ్ల మీద దుమ్ము లేదు, ఆకాశం కడిగినట్టుండేది. సాయంత్రాలు ముగ్గురం డాబా మీదే ఉండేవాళ్ళం, మామయ్యని రోజుకి నాలుగు మెట్లు చొప్పున అలవాటు చేసి చివరికి పైకి తెచ్చాం. ఏప్రిల్లో పడమట వాలుతున్న ఆరుద్ర మళ్ళీ రోహిణిని దాటేసింది. మామయ్య దాన్ని చూసి, "ఇంత హడావుడి చేసింది నువ్వేనా" అని పలకరించారు.

ఎందుకు మసకబారిందో తర్వాత తెలిసింది. 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. చిలీలో ఉన్న పెద్ద టెలిస్కోపుతో తీసిన బొమ్మల్లో చుక్క కింది సగం చీకటిగా కనబడింది. చుక్క పైపొర నుంచి పెద్ద వాయువు ముద్ద ఒకటి ఎగిరి బయటికొచ్చింది. చుక్క ఒంటిమీద ఒకచోట చల్లబడింది. ఆ చలువకి వాయువు దుమ్ముగా మారి మనకి అడ్డం వచ్చింది. అంతే. పేలడం కాదు. అది పేలే రోజు ఒకటుంది, కానీ లక్ష ఏళ్ళు పట్టవచ్చని లెక్క వేశారు. అత్తయ్యకి ఇదంతా చెప్పాను. "అయితే కఫం కక్కిందన్నమాట" అంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

మామయ్య ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నారు. ఉప్పు లేని కూర మీద రోజూ జోకులు వేస్తూ ఉన్నారు. 2023 ఏప్రిల్లో మళ్ళీ ఆయాసం వచ్చింది. ఈసారి ఎవరూ ఎవరికీ ఏమీ దాచలేదు. వెంటిలేటరు పెడదామా అని డాక్టరు అడిగితే, కొడుకులు తల్లి వైపు చూశారు. ఆవిడ నాలుగు ప్రశ్నలు అడిగింది. పెడితే లేచి కూర్చుంటారా, మాట్లాడతారా, ఎన్నాళ్ళు, బాధ ఉంటుందా. జవాబులు విని, "వద్దు, ఇంటికి తీసుకెళ్దాం" అంది. రెండు రాత్రులు ఇంట్లోనే, ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఆ చెయ్యి పట్టుకునే పోయారు.

ఇక్కడ నేను ఒక సంగతి రాయాలి. ఆ ఏప్రిల్లో ఆరుద్ర మామూలు కంటే చాలా ఎక్కువగా వెలిగింది. మామూలు వెలుగుకి ఒకటిన్నర రెట్లు అని పత్రికల్లో వచ్చింది. ఇన్నేళ్ళల్లో నేను దాన్ని అంత వెలుగులో చూడలేదు. ప్రొసియాన్‌ని దాటి, వేటగాడి పాదం దగ్గరుండే రైజెల్‌తో పోటీ పడుతోంది. నేను ఇది ఇంట్లో చెప్పలేదు. అత్తయ్య అడిగితే చెబుదాం, అడక్కుండా చెప్పడం ఎందుకు అనుకున్నాను.

పదో రోజున చెయ్యాల్సిన తంతు ఒకటుంటుంది కదా, గాజులు తీయించడం. మా ఆడపడుచు అడ్డం నిలబడి అది జరగనివ్వలేదు. పెద్దవాళ్ళు గొణిగారు. అత్తయ్య ఏమీ అనలేదు, తియ్యమని అనలేదు, వద్దని అనలేదు. రెండు బంగారు గాజులు అలాగే ఉన్నాయి. బంధువులంతా వెళ్ళిపోయాక ఒక సాయంత్రం, చీకటి పడుతుండగా, మెట్ల మీద అడుగుల చప్పుడు. మధ్యలో ఆగి, మళ్ళీ ఎక్కి, పైకి వచ్చింది. అప్పటికి ఆరుద్ర పడమట బాగా కిందికి దిగింది, ఇంకో గంటలో కొబ్బరిచెట్ల వెనక్కి పోతుంది. ఆవిడ ఒక చూపు అటు, ఒక చూపు ఇటు వేసి చూసింది. నేను చెప్పినట్టే, గుచ్చి చూడకుండా.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"రెండు నెలల్నుంచి పెరుగుతోంది అత్తయ్యా."

"ఆయన పోయిన రోజు?"

"ఆ రోజు కూడా ఇలాగే ఉంది."

చాలాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "దాని పని దానిది" అంది. అన్నేళ్ళు నేను చెప్పినదే. కానీ ఆవిడ నోట విన్నప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ తన నమ్మకంతో ఉండి ఉంటే బాగుండేదేమో అనిపించింది ఆ క్షణంలో. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అత్తయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి. మెట్లు ఎక్కలేదు. అందుకని చలికాలంలో నేను కిందే, వెనక వాకిట్లో కుర్చీ వేస్తాను. పెరటి గోడకీ పక్కింటి మేడకీ మధ్య కనబడే ముక్క ఆకాశంలోకి ఆరుద్ర రాత్రి తొమ్మిదిన్నరకి వస్తుంది. రోహిణి అప్పటికే మేడ వెనక్కి వెళ్ళిపోతుంది కాబట్టి తూకపు రాళ్ళు మార్చుకున్నాం. మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నానమ్మ ఏదీ అంటే, డ్యూటీలో ఉంది అంటాను.

మొన్నొక రాత్రి కొత్త సంగతి చెప్పాను. 2025 జులైలో హవాయి దీవుల్లో ఉన్న జెమిని నార్త్ అనే పెద్ద టెలిస్కోపుతో ఆరుద్ర పక్కన ఇంకో చుక్కని పట్టుకున్నామని ప్రకటించారు. ఎంత దగ్గరంటే, ఆరుద్ర వెలుగులో అది ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడలేదు. సుమారు ఆరేళ్ళకోసారి దాని చుట్టూ తిరిగి వస్తుందట. నా పుస్తకాల్లో 400 రోజుల హెచ్చుతగ్గులు కాకుండా ఇంకో నెమ్మది హెచ్చుతగ్గు ఉంటుంది, దానికి కారణం ఇదేనంటున్నారు. దానికి సివర్హా అని పేరు పెట్టారు. అరబ్బీ మాట, 'ఆమె కంకణం' అని అర్థం.

"ఎవరి కంకణం?"

"ఆరుద్రదే అత్తయ్యా."

"మనకి కనబడదా?"

"కనబడదు. బైనాక్యులర్‌తో కూడా కనబడదు."

గాజు పైకి తోసుకుని, మఫ్లరు సర్దుకుని, మళ్ళీ పైకి చూసింది. "సరే, రాసుకో. నిన్నటికంటే తగ్గింది."

నాకు తగ్గినట్టు అనిపించలేదు. ఆ మాటే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కాసేపు వాదించుకున్నాం. లోపల్నుంచి మా వారు గ్యాస్ మీద పాలు పెట్టారా అని కేకేశారు. పుస్తకంలో రెండు అంకెలూ రాసి లోపలికి పరిగెత్తాను.